కంటోన్మెంట్ రోడ్డు మీద మిలిటరీ పోలీసులు స్పీడ్ చెక్ చేస్తే ఆగాలా, ఫైన్ కట్టాలా?

మీరు అడిగింది ఇదీ. కంటోన్మెంట్ గుండా పోయే రోడ్డు, గేటూ గీటూ ఏమీ లేకుండా సిటీ బస్సులు కూడా తిరిగే రోడ్డు. అక్కడ ఎర్ర టోపీ పెట్టుకున్న మిలిటరీ పోలీసులు స్పీడ్ గన్‌తో నిలబడి మీ తమ్ముడి బైకు ఆపారు. 30 బోర్డు ఉన్నచోట 52లో వస్తున్నావన్నారు, లైసెన్స్ తీసుకున్నారు, రిజిస్టర్‌లో పేరు రాసుకున్నారు, కాసేపు నిలబెట్టి లైసెన్స్ తిరిగిచ్చి పంపించారు. ఈ అధికారం వాళ్ళకు ఉందా, ఫైన్ వేస్తే కట్టాలా అన్నది మీ సందేహం. మీ స్నేహితుడొకాయన 'వాళ్ళకు మన మీద ఏ హక్కూ లేదు, ఇంకోసారి ఆపితే ఆగకుండా వెళ్ళిపొమ్మను' అన్నాడని కూడా రాశారు. మిగతావన్నీ తర్వాత చెప్తాను, ఆ సలహా మాత్రం దయచేసి మీ తమ్ముడి చెవిన వేయకండి.

నా సర్వీసులో ఎక్కువ భాగం ప్రొవోస్ట్ యూనిట్లలోనే, అంటే మిలిటరీ పోలీసు యూనిట్లలోనే గడిచింది, ఆ ఎర్ర టోపీ నేనూ పెట్టుకున్నాను, రోడ్డు పక్కన గన్ పట్టుకుని నేనూ నిలబడ్డాను. రిటైరయ్యాక ఒక లాయర్ గారి ఆఫీసులో మోటారు యాక్సిడెంట్ క్లెయిమ్ ఫైళ్ళు చూస్తున్నాను. రెండు వైపులా తెలుసు కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పబ్లిక్ రోడ్డు మీద సామాన్య పౌరుడికి స్పీడ్ చలానా రాసే అధికారం, ఫైన్ వసూలు చేసే అధికారం, లైసెన్స్ స్వాధీనం చేసుకునే అధికారం మన దేశంలో మిలిటరీ పోలీసుకు మామూలుగా లేవు. ఆర్మీ బండిని, ఆర్మీ మనిషిని ఆపి లెక్క అడిగే అధికారం మాత్రం పూర్తిగా ఉంది, అది ఏ రోడ్డయినా సరే, లీవులో ఉన్న జవాను సొంత కారు నడుపుతున్నా సరే. అంటే ఇక్కడ చూడాల్సింది రోడ్డు కంటే ముందు స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఎవరన్నది.

దీనికి మూలం ఆర్మీ చట్టం, 1950. అందులో 107వ సెక్షన్ ప్రొవోస్ట్ మార్షల్, అంటే మిలిటరీ పోలీసు అధిపతి గురించి. మిలిటరీ పోలీసు చేసే ప్రతి పనీ చివరికి ఆ సెక్షన్ దగ్గరికే వెళ్తుంది. ఆ సెక్షన్ వాళ్ళకు అప్పగించిన పని ఏమిటంటే, నేరం మీద నిర్బంధంలో ఉన్నవాళ్ళను కాపలా కాయడం, సైన్యంలో పనిచేసేవాళ్ళు లేదా సైన్యానికి అటాచ్ అయినవాళ్ళు క్రమశిక్షణ తప్పకుండా చూడడం, ఆ చట్టం కిందికి వచ్చే మనిషి నేరం చేస్తే అరెస్ట్ చేయడం. ఆ చట్టం కిందికి వచ్చే మనిషి అన్న మాటే ఇక్కడ కీలకం. మీ తమ్ముడు దాని కిందికి రాడు. రిటైరైన నేను రాను. సర్వీసులో ఉన్న సుబేదార్ గారి భార్య స్కూటర్ మీద పోతుంటే ఆవిడా రాదు. ఆవిడ విషయంలో ఏదైనా జరిగితే, ఆయన యూనిట్‌కు కబురు వెళ్తుంది, ఆయన్ను పిలిచి మాట్లాడతారు, అంతవరకే.

రాజ్యాంగం వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. ఏడో షెడ్యూల్‌లో పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉంది, రెండో ఎంట్రీ. కంటోన్మెంట్లు కేంద్ర జాబితాలో ఉన్నాయి గానీ, ఆ మూడో ఎంట్రీ చదివితే అందులో ఉన్నది హద్దులు, స్థానిక పరిపాలన, కంటోన్మెంట్ సంస్థల అధికారాలు, ఇళ్ళ వసతి నియంత్రణ. ట్రాఫిక్ పోలీసింగ్ అక్కడ లేదు. అందుకే సికింద్రాబాద్ కంటోన్మెంట్ అయినా, దేశంలో ఇంకో కంటోన్మెంట్ అయినా, లోపల దొంగతనం జరిగితే ఎఫ్ఐఆర్ రాసేది రాష్ట్ర పోలీస్ స్టేషనే, యాక్సిడెంట్ అయితే పంచనామా చేసేదీ వాళ్ళే. కంటోన్మెంట్ అనగానే మొత్తం మిలిటరీ రాజ్యం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, మిలిటరీలో ఉన్నవాళ్ళలో కూడా ఉన్నారు, అది తప్పు.

ఇక మోటారు వాహనాల చట్టం, 1988. లైసెన్స్ చూపించమని అడిగే హక్కు 130వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. ట్రాఫిక్ సిగ్నల్స్, ట్రాఫిక్ నడిపే పోలీసు ఆదేశాలు పాటించాలని 119 చెప్తుంది. కాగితాలు స్వాధీనం చేసుకోవడం 206, బండి సీజ్ చేయడం 207, ఈ రెండిట్లో పోలీసు అధికారితో పాటు 'రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన ఇతర వ్యక్తి' అని కూడా ఉంది. చలానా కట్టించుకుని కేసు అక్కడితో ముగించే అధికారం 200 కింద, అది కూడా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారులకే. మిలిటరీ పోలీసు పేరులో పోలీసు ఉన్నా ఆయన సైనికుడు, లాన్స్ నాయకో హవల్దారో అయి ఉంటాడు, ఈ చట్టం చెప్పే పోలీసు అధికారి కాడు. రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ఫలానా రోడ్డు మీద ఫలానావారికి ఈ అధికారం ఇస్తున్నాం అని రాస్తే అప్పుడు సంగతి వేరు. అలాంటి కాగితం ఉంటే చూపించమని మర్యాదగా అడగొచ్చు. లేకపోతే ఆయన రాసుకున్న రిజిస్టర్ ఆర్మీ లోపలి రికార్డు మాత్రమే, దాని మీద మీ తమ్ముడికి ఏ ఫైనూ పడదు, కోర్టు నోటీసూ రాదు.

పౌరుడు కూడా నేరస్థుణ్ణి పట్టుకోవచ్చు కదా, మిలిటరీ పోలీసు ఆ లెక్కన ఆపకూడదా అని మా బ్యారక్‌లోనే వాదించేవాళ్ళు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చూడండి. మామూలు మనిషి అరెస్ట్ చేయాలంటే తన కళ్ళ ముందు జరిగిన నేరం నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకనిది), కాగ్నిజబుల్ (వారెంట్ లేకుండా పోలీసు అరెస్ట్ చేయగలిగేది) రెండూ అయి ఉండాలి, లేదా ఆ మనిషి కోర్టు ప్రకటించిన పరారీ నేరస్థుడై ఉండాలి, పైగా పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. స్పీడు సంగతి అటుంచి, ర్యాష్ డ్రైవింగ్ కూడా, అంటే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 281, బెయిలబుల్ నేరమే. కాబట్టి ఆ దారి కూడా మూసుకుపోయింది.

బోర్డు గురించి ఎవరూ అడగరు గానీ అసలు అక్కడే చాలా విషయం ఉంది. పబ్లిక్ ప్లేసులో స్పీడ్ లిమిట్ పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారమిచ్చిన సంస్థకు ఉంటుంది. గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి, 116 ప్రకారం సరైన గుర్తు రోడ్డు మీద పెట్టాలి. నెలకు మించని తాత్కాలిక లిమిట్ అయితే నోటిఫికేషన్ అక్కర్లేదు. మరి ఏదో యూనిట్ తన గోడ పక్కన ఇనుప రేకు మీద తెల్ల రంగు వేసి '20 కి.మీ.' అని రాసి పెట్టిందనుకోండి, బయట జనం తిరిగే రోడ్డు మీద దానికి చట్టబలం లేదు. ఆర్మీ డ్రైవర్‌కు మాత్రం అది ఆజ్ఞే, ఎందుకంటే స్టేషన్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే ఆ ఊరి ఆర్మీ స్టేషన్ శాశ్వత ఆదేశాల్లో అది ఉంటుంది, దాటితే క్రమశిక్షణ ఉల్లంఘన. ఒకే బోర్డు కింద ఒకే స్పీడులో వెళ్ళిన ఇద్దరిలో ఒకరిది తప్పయి ఇంకొకరిది కాకపోవడం వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఒకరు ప్రత్యేకంగా ఇంకో చట్టానికి కూడా లోబడి బతుకుతున్నారు, అంతే తేడా. మీ తమ్ముడు చూసిన 30 బోర్డు రాష్ట్రం పెట్టిందో యూనిట్ పెట్టిందో ఆ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో అడిగితే తేలుతుంది. నోటిఫై అయిన లిమిటే అయితే మీ తమ్ముడు చేసింది నేరమే, దాన్ని పట్టుకునే అధికారం ఆ రోజు అక్కడ నిలబడినవాడికి లేకపోవచ్చు గానీ నేరం నేరమే.

గేటు లోపలి సంగతి వేరు. కంటోన్మెంట్ భూముల్లో ఏ-1 అని ఒక వర్గం ఉంది, సైన్యం నేరుగా వాడుకునే బ్యారక్‌లు, డిపోలు, ఆయుధాగారాలు అన్నీ అందులోకి వస్తాయి. సీ వర్గం అంటే కంటోన్మెంట్ బోర్డు చేతిలో ఉండేది, వీధులు, డ్రైనేజీలు లాంటివి. ఏ-1లో, సెంట్రీ నిలబడి పాస్ చూసి లోపలికి వదిలే చోట, మీరు వాళ్ళ అనుమతి మీద వెళ్తున్నారు. అక్కడ స్పీడు దాటితే పాస్ రద్దు చేయొచ్చు, బయటికి వెళ్ళమనొచ్చు, మీరు కాంట్రాక్టర్ బండి డ్రైవర్ అయితే కాంట్రాక్టర్‌కు లెటర్ పోతుంది, డిఫెన్స్ సివిలియన్ ఉద్యోగి అయితే మీ ఆఫీసుకు రిపోర్ట్ పోతుంది. వీటిలో ఏదీ ఫైన్ కాదని గమనించండి. ఆ లోపల కూడా పౌరుడి జేబులోంచి డబ్బు తీసే అధికారం వాళ్ళకు రాదు. ఇక జనం తిరిగే రోడ్డును భద్రత పేరు చెప్పి మూసేయడానికి కూడా కంటోన్మెంట్ చట్టం, 2006లో 258వ సెక్షన్ పద్ధతి పెట్టింది, ముందు పబ్లిక్ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి. ఆ పద్ధతి పాటించకుండా మూసిన రోడ్ల మీద పెద్ద గొడవై, 2018లో రక్షణ శాఖ వాటిని తెరవమని ఆదేశాలిచ్చింది. సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఆ గొడవ బాగా గుర్తుంటుంది.

కాన్వాయ్ వస్తున్నప్పుడు చౌరస్తాలో ఎర్ర టోపీ మనిషి చెయ్యి అడ్డం పెట్టి ట్రాఫిక్ ఆపుతాడు, అదెలా మరి అని అడగొచ్చు. పద్ధతి ప్రకారం అది సివిల్ పోలీసుతో ముందే మాట్లాడుకుని చేసే పని. ఎంత పెద్ద అవసరం వచ్చినా పౌరుల ట్రాఫిక్ మీద ఆంక్ష ఎవరు పెట్టాలో తెలియాలంటే 2019 చూడండి. ఫిబ్రవరి 14న పుల్వామాలో సీఆర్‌పీఎఫ్ కాన్వాయ్ మీద దాడి జరిగాక, ఏప్రిల్ 7 నుంచి బారాముల్లా, ఉధంపూర్ మధ్య హైవే మీద వారానికి రెండు రోజులు, ఆదివారం, బుధవారం, పొద్దున 4 నుంచి సాయంత్రం 5 దాకా సివిల్ బండ్లు తిరగకూడదని ఆంక్ష పెట్టారు. అంతటి పరిస్థితిలో కూడా ఆ ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వం పేరు మీదే వచ్చింది. కల్లోలిత ప్రాంతాల్లో సైన్యానికి ఉండే ప్రత్యేక అధికారాలు వేరే చట్టం, వేరే ప్రయోజనం, అవి స్పీడ్ లిమిట్ కోసం పెట్టినవి కావు.

ఇప్పుడు నాకు ముఖ్యమనిపించే భాగం. మిలిటరీ పోలీసు స్పీడ్ చెక్ అంటే జనం తమను ఆపడం గురించే ఆలోచిస్తారు, నిజానికి ఆ గన్ ఉన్నది ఆర్మీ బండ్ల కోసం. బాణం గుర్తుతో మొదలయ్యే ఆ నంబర్ ప్లేటు చూసే ఉంటారు, పైకి చూపించే బాణం, తర్వాత సంవత్సరం అంకెలు, ఒక అక్షరం, తర్వాత వరస సంఖ్య. రక్షణ పనికి వాడే కేంద్ర ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద విడిగా జరుగుతుంది, అవి రాష్ట్ర రవాణా శాఖ దగ్గర రిజిస్టర్ కానక్కర్లేదు. దాని ఫలితం ఏమిటో ఆలోచించండి. హైవే మీద కెమెరా ఫోటో తీస్తుంది, మన బండి అయితే నంబర్ పట్టుకుని ఫోన్‌కు చలానా వస్తుంది, బాణం గుర్తు లారీకి అలా వచ్చే దారి లేదు. అంటే ఆ లారీని స్పీడులో పట్టుకోవడానికి ప్రతిరోజూ రోడ్డు మీద నిలబడేది దాదాపుగా ఎర్ర టోపీ ఒక్కడే. అతను ఆ పని వదిలేసి బైకుల మీద పోయే పిల్లల్ని ఆపుతూ కూర్చుంటే, ఆగాల్సిన లారీ దాటిపోతుంది. నాకు కోపం వచ్చేది అందుకే, పౌరులను ఆపడం చట్టం కాదన్న దానికంటే తన అసలు పని తప్పిపోతోందని.

ఆర్మీ బండ్లకు స్పీడ్ లిమిట్ వర్తించదని కొంతమంది డ్రైవర్లే అనుకుంటారు, తప్పు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ ఒకటుంది, 1938 నాటి మనూవర్స్, ఫీల్డ్ ఫైరింగ్ చట్టం కింద నోటిఫై చేసిన ప్రాంతంలో, ఆ నోటిఫికేషన్‌లో చెప్పిన రోజుల్లో, సైనిక విన్యాసాల్లో వాడుతున్న బండికి మాత్రమే మినహాయింపు. రేషన్ తేవడానికి పోయే లారీకి లేదు, పిల్లల్ని స్కూలుకు దింపే బస్సుకు లేదు, సాబ్‌ను స్టేషన్‌కు తీసుకెళ్ళే జిప్సీకి లేదు. సివిల్ ట్రాఫిక్ పోలీసు ఆర్మీ బండిని ఆపి చలానా రాస్తే అది కూడా చట్టబద్ధమే.

పట్టుబడ్డ ఆర్మీ డ్రైవర్‌కు ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే బయట చాలామంది 'వాళ్ళు వాళ్ళు ఒకటే, వదిలేస్తారు' అనుకుంటారు. ముందు కార్ డైరీ అడుగుతారు, బండి ఎవరి ఆర్డర్ మీద, ఏ డ్యూటీ మీద, ఎన్ని గంటలకు బయల్దేరింది, మీటరు రీడింగ్ ఎంత, అన్నీ అందులో ఉండాలి. ముందు సీట్లో సీనియర్ ఎవరు కూర్చున్నారో కూడా రాస్తారు, స్పీడు పెంచమన్నది చాలాసార్లు ఆయనే కాబట్టి. తర్వాత ఆఫెన్స్ రిపోర్ట్ ప్రొవోస్ట్ యూనిట్ నుంచి ఆ డ్రైవర్ కమాండింగ్ ఆఫీసర్‌కు పోతుంది. శిక్ష వేసేది కమాండింగ్ ఆఫీసరే, మిలిటరీ పోలీసు కాదు. ఆయన మందలించి వదలొచ్చు, డ్రైవింగ్ నుంచి తీసేయొచ్చు, ఆర్మీ చట్టం 80వ సెక్షన్ కింద సమ్మరీగా శిక్ష వేయొచ్చు. ప్రమోషన్ దగ్గర్లో ఉన్న నాయక్‌కు రికార్డులో పడే ఎర్ర సిరా ఎంట్రీ అంటే బయట రెండువేల రూపాయల చలానా కంటే చాలా ఎక్కువ. అది బాగా పనిచేస్తుందని నేను కళ్ళారా చూశాను, కమాండింగ్ ఆఫీసర్ దాన్ని సీరియస్‌గా తీసుకునే యూనిట్లలో. తీసుకోని యూనిట్ల నుంచి అవే బండ్లు, అవే పేర్లు మళ్ళీ మళ్ళీ మా రిజిస్టర్‌లోకి వచ్చేవి.

ఎందుకింత పట్టుదల అంటే, ఇప్పుడు చేస్తున్న పనిలో ఆ ఫైళ్ళు చూస్తున్నాను కాబట్టి. 40లో పోయే బండి సెకనుకు 11 మీటర్లు పైన పోతుంది, 60లో దాదాపు 17. డ్రైవర్ చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపే ఆ తేడా ఒక పాప రోడ్డు దాటడానికీ దాటకపోవడానికీ మధ్య తేడా. 40 నుంచి 60కి పెంచితే ఢీకొట్టే శక్తి రెండింతల పైన అవుతుంది, అదీ సామానుతో నిండిన స్టాలియన్ అనే పెద్ద ఆర్మీ లారీకి. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ వాహనానికి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, అందుకని ఆ యాక్సిడెంట్లలో పరిహారం కోసం కుటుంబం కేంద్ర ప్రభుత్వం మీదే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలి. వేయొచ్చు, వస్తుంది కూడా, సైన్యం బండి అని భయపడి ఊరుకున్న కుటుంబాలకు ఇది గట్టిగా చెప్పండి.

స్పీడ్ గన్ రీడింగ్ మీద మీ తమ్ముడికి అనుమానం ఉందన్నారు, 52 రాలేదు, 40 దాటలేదు అంటున్నాడని. గన్ గురించి రెండు మాటలు. రాడార్ గన్ రోడ్డుకు పక్కగా, కోణంలో పెట్టి కొడితే రీడింగ్ అసలు స్పీడు కంటే తక్కువే చూపిస్తుంది, ఎక్కువ చూపించదు. 10 డిగ్రీల కోణంలో ఒకటిన్నర శాతం తగ్గుతుంది, 20 డిగ్రీల్లో 6 శాతం, అంటే 60లో వచ్చిన బండి 56 అని కనిపిస్తుంది. కాబట్టి కోణం వల్ల డ్రైవర్‌కు నష్టం లేదు. అసలు ఇబ్బంది ఇంకోచోట వస్తుంది, రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది, ముందు బైకు, వెనక పెద్ద లారీ వస్తుంటే గన్ లారీ స్పీడు పట్టుకుని, నిలబడ్డవాడు అది బైకుదనుకోవచ్చు. లేజర్ గన్‌తో ఈ సమస్య చాలా తక్కువ, కిరణం సన్నగా ఉంటుంది. అందుకే రాడార్‌తో నిలబడేవాడికి మేము నేర్పేది, లేన్‌లో ఒక్క బండే ఉన్నప్పుడు కొట్టు, కంటి అంచనా ముందు వేసుకో, గన్ చెప్పింది దానికి దగ్గరగా లేకపోతే ఆ రీడింగ్ వదిలెయ్. డ్యూటీకి ముందు, తర్వాత గన్‌ను పరీక్షించి రాసిపెట్టాలి. ఆ రాత లేకుండా తెచ్చిన రిపోర్ట్‌ను నేను వెనక్కి పంపేవాణ్ణి.

చట్టం కూడా దీన్ని గుర్తించింది. స్పీడు కేసులో ఒక్క సాక్షి 'నాకు వేగంగా వస్తున్నట్టు అనిపించింది' అంటే శిక్ష వేయకూడదని మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌లోనే ఉంది, యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరంతో వేసిన అంచనా ఉండాలి. 2021లో కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో చేర్చిన 167ఎ రూల్ ప్రకారం చలానాకు వాడే ఎలక్ట్రానిక్ పరికరానికి రాష్ట్రం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద సర్టిఫికెట్ కావాలి, నోటీసు గడువులోపు పంపాలి. మిలిటరీ పోలీసు చేతిలోని గన్ ఆర్మీ తన అవసరానికి కొనుక్కున్నది, దాని మీద సివిల్ చలానా నిలబడాలంటే ఈ మెట్లన్నీ ఎక్కాలి.

బయటి దేశాల వీడియోలు చూసి అక్కడ మిలిటరీ పోలీసు అందర్నీ ఆపుతున్నారు కదా అని మీ స్నేహితుడు అన్నట్టు రాశారు. బ్రెజిల్‌లో ఆ పేరున్నది రాష్ట్ర పోలీసు దళం, వీధుల్లో గస్తీ తిరిగేది అదే. ఫ్రాన్స్ జాందార్మరీ, ఇటలీ కారాబినియేరి, స్పెయిన్ గార్డియా సివిల్ సైనిక స్వభావం ఉన్న దళాలే గానీ పౌరుల మీద పోలీసు అధికారం వాటికి చట్టమే ఇచ్చింది, గార్డియా సివిల్‌లో ట్రాఫిక్ విభాగం 1959 నుంచి ఉంది. జర్మనీ ఫెల్డ్‌యేగర్ మన వాళ్ళలాగే, సైన్యం మనుషులకూ బండ్లకూ పరిమితం. అమెరికాలో బేస్ లోపల సివిలియన్‌కు కూడా ఫెడరల్ కోర్టుకు పోయే టికెట్ రాస్తారు, బేస్ బయట రోడ్డు మీద రాయరు. ఏ దేశంలో ఏది చెల్లుతుందో ఆ దేశ చట్టం ఇచ్చినదాన్ని బట్టి, యూనిఫాం రంగును బట్టి కాదు.

సరే, రోడ్డు మీద ఏం చేయాలి. ఆగాలి. అధికారం లేదు కదా ఎందుకు ఆగాలి అంటే, కంటోన్మెంట్‌లో సాయుధ సైనికుడు చెయ్యి చూపించినప్పుడు అది స్పీడ్ చెక్కో, ముందు కాన్వాయ్ వస్తోందో, సెక్యూరిటీ అలర్టో మీకు తెలియదు. ఆగకుండా గ్యాస్ పెంచి పోయిన బైకు వాళ్ళ కంటికి స్పీడ్ కేసులా కనపడదు. చెయ్యి చూపించినవాడికి, మీకు, వెనక వచ్చేవాడికి ముగ్గురికీ ప్రమాదం. ఆగి, హెల్మెట్ తీసి, పేరు చెప్పి, గుర్తింపు కార్డు చూపించడంలో నష్టం లేదు, సెక్యూరిటీ ప్రాంతంలో అది మంచిది కూడా. లైసెన్స్ చేతికిచ్చి వదిలేయకండి, చూపించండి. ఉంచుకుంటామంటే రాతపూర్వకంగా రసీదు అడగండి, 206 కింద నిజంగా అధికారమున్నవాడు కూడా రసీదు ఇవ్వాల్సిందే. డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, 'సార్, ట్రాఫిక్ పోలీసును పిలవండి, చలానా ఉంటే వాళ్ళ దగ్గర కడతాను' అనండి, అవసరమైతే మీరే 112కు ఫోన్ చేయండి. గొంతు పెంచకండి, తోపులాట అసలు వద్దు, విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద బలప్రయోగం అంటే న్యాయ సంహిత 132, అప్పుడు తప్పు పూర్తిగా మీ వైపు వచ్చేస్తుంది. గేటు, గోడ, సెంట్రీ పోస్టు కనిపించేలా వీడియో తీయకండి, నిషిద్ధ ప్రాంతం అయితే అధికార రహస్యాల చట్టం దాకా పోతుంది. టైము, చోటు, ఛాతీ మీద నేమ్ ప్లేటు గుర్తుపెట్టుకోండి, చాలు.

అన్యాయం జరిగిందనిపిస్తే ఆ ఊరి ఆర్మీ స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు, అడ్మినిస్ట్రేటివ్ కమాండెంట్ పేరు మీద ఒక లెటర్ రాయండి, ఒక కాపీ అదే స్టేషన్‌లోని ప్రొవోస్ట్ యూనిట్ ఆఫీసర్ కమాండింగ్‌కు. కోపంగా రాయొద్దు, ఏం జరిగిందో వరసగా రాసి, ఫలానా రోడ్డు మీద పౌర వాహనాల తనిఖీకి రాష్ట్ర ప్రభుత్వ అధికార పత్రం ఉందా, ఉంటే కాపీ ఇవ్వండి అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలాసార్లు పని చేస్తుంది, ఎందుకంటే సమాధానం రాయాల్సిన ఆఫీసర్ కూడా అప్పుడే చట్టం తిరగేస్తాడు. పోలీస్ స్టేషన్‌లో అక్రమంగా ఆపారని కేసు పెట్టాలనుకుంటే పెట్టొచ్చు, కానీ విధి నిర్వహణలో చేసిన పనికి సైనికుణ్ణి కేంద్రం అనుమతి లేకుండా అరెస్ట్ చేయకూడదని సురక్షా సంహిత 42 ఉంది. మీ తమ్ముడికి జరిగినదానికి నా ఉద్దేశంలో లెటర్ సరిపోతుంది.

ఆ రోడ్డు మీద స్పీడు నిజంగా సమస్యే అయితే, బ్యారక్ పిల్లలు, స్కూలు బస్సులు దాటే రోడ్డు అయితే, చేయాల్సిన పద్ధతి ఉమ్మడి తనిఖీ. ట్రాఫిక్ పోలీసు ఒకరు, మిలిటరీ పోలీసు ఒకరు పక్కపక్కన నిలబడతారు, పౌరుల బండి ట్రాఫిక్ పోలీసు చూస్తాడు, బాణం గుర్తు బండి, ఆర్మీ మనిషి సొంత బండి మిలిటరీ పోలీసు చూస్తాడు. స్టేషన్ కమాండర్, ట్రాఫిక్ డీసీపీ ఒక మీటింగ్ పెట్టుకుంటే అయ్యే పని ఇది. మేము అలా చేసిన చోట గొడవలు దాదాపు ఉండేవి కావు, ఎవరికి ఎవరు జవాబుదారీయో జనానికి కళ్ళ ముందే కనిపించేది కాబట్టి. మీ లెటర్‌లో ఇది కూడా అడగండి, కాలనీ సంక్షేమ సంఘం తరఫున అడిగితే ఇంకా బరువుంటుంది.

చివరగా, మీకు ఆర్మీ బండే స్పీడుగా పోతూ కనిపిస్తే ఏం చేయాలో కూడా రాస్తున్నాను, ఎవరూ చెప్పరు కాబట్టి. బాణం తర్వాత అంకెలు, అక్షరం, వరస సంఖ్య పూర్తిగా రాసుకోండి, సగం నంబర్‌తో బండి దొరకదు. రోడ్డు, ఎటు నుంచి ఎటు పోతోంది, టైము రాయండి, టైము ముఖ్యం, ఎందుకంటే కార్ డైరీలో బయల్దేరిన టైముతో దాన్ని పోల్చి చూస్తారు. ప్రమాదకరంగా ఉంటే ముందు 112కు చెప్పండి, తర్వాత దగ్గర్లోని స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు లెటర్ పంపండి. అది ప్రొవోస్ట్ యూనిట్‌కు, అక్కడి నుంచి ఆ బండి యూనిట్‌కు పోతుంది, యూనిట్ బండ్లు చూసుకునే ఎంటీ సెక్షన్‌లో ఆ రోజు ఆ బండి ఎవరు తీశారో రికార్డు ఉంటుంది, డ్రైవర్ తేలతాడు.